ఆ నల్ల పెట్టె తాళంచెవి ఆంటీకి ఇవ్వండి, అంకుల్

సికింద్రాబాద్ చుట్టుపక్కల కాలనీల్లోని మాజీ సైనికుల సంఘాల పెద్దలకు,

నమస్కారం అంకుల్. నేను పుట్టి పెరిగింది మీ మధ్యనే. ఇప్పుడు ‘గౌరవనీయులైన అధ్యక్ష కార్యదర్శులకు’ అని మొదలుపెడితే మీకూ కొత్తగా ఉంటుంది, నాకూ నవ్వొస్తుంది. యాప్రాల్, కౌకూర్, బొల్లారం, తిరుమలగిరి, అల్వాల్, సైనిక్‌పురి, నేరేడ్‌మెట్, అటు గోల్కొండ, లంగర్‌హౌస్, మెహదీపట్నం వైపు ఉన్నవాళ్లు, అందరికీ కలిపే రాస్తున్నాను. ఇంత బహిరంగంగా ఎందుకమ్మా, మా గ్రూపులో పెడితే సరిపోయేది కదా అంటారేమో. మీ వాట్సాప్ గ్రూపుల్లో ఆంటీలు లేరు. నేనూ లేను. నా బాధ కూడా అదే.

మా నాన్న 1982లో ఆర్మీలో చేరి, 24 ఏళ్లు చేసి, 2006లో హవల్దార్‌గా ఇంటికొచ్చారు. తర్వాత ఒక ఏటీఎం దగ్గర కొన్నేళ్లు, ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కొన్నేళ్లు సెక్యూరిటీ డ్యూటీ చేశారు. 2023 ఆగస్టులో పోయారు. మీలో చాలామంది వచ్చారు. పాడె పట్టారు. పదకొండో రోజు దాకా వంతులేసుకుని ఇంటికి చాయ్ ఫ్లాస్కులు పంపారు. అవేవీ మర్చిపోలేదు. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలు.

ప్రతి ఫౌజీ ఇంట్లో ఉండే పెట్టె మా ఇంట్లోనూ ఉంది. నల్ల ఇనప పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో నంబర్, ర్యాంకు, పేరు. ర్యాంకు దగ్గర మాత్రం పెయింటు ఉబ్బెత్తుగా ఉంటుంది, సిపాయి చెరిపి నాయక్, నాయక్ చెరిపి హవల్దార్ రాయించారు కాబట్టి. అది నాన్న మంచం కింద ఉండేది. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది. ఆ రోజు స్నానం చేయించి మొలతాడు తెంపేటప్పుడు మా మేనమామ ఆ తాళంచెవి తీసి, ఎవరికివ్వాలో తెలియక, నా చేతిలో పెట్టాడు. అమ్మ చేతిలో కాదు, నా చేతిలో. దాని గురించి తర్వాత చాలా ఆలోచించాను.

దినాలయ్యాక పెట్టె తెరిచాం. పైన ఒక ఉన్ని స్వెట్టర్, దాని కింద మెడల్స్ ఉన్న చిన్న డబ్బా, ఆర్మీ క్యాంటీన్ బిల్లుల కట్ట, ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకుకు ఒకే పెన్షన్) టేబుల్ ప్రింటు తీసి దాచుకున్న కాగితాలు, డిశ్చార్జ్ బుక్, అన్నిటికంటే అడుగున ప్లాస్టిక్ కవర్లో పీపీఓ, అంటే పెన్షన్ చెల్లింపు ఆర్డరు. అమ్మ గడప దగ్గర కూర్చుని చూస్తోంది. “ఇన్నేండ్లు దీని మీది దుమ్ము దులిపిన. లోపలేమున్నదో ఇయ్యాల్నే చూస్తున్న” అంది.

పీపీఓలో భార్య పేరు ఉండాల్సిన చోట ‘లక్ష్మీ దేవి’ అని ఉంది. మా అమ్మ పేరు లక్ష్మమ్మ. ఆధార్‌లో, రేషన్ కార్డులో, బ్యాంకులో, అంతటా లక్ష్మమ్మే. ఈ లక్ష్మీ దేవి ఎవరో మీకు ఊహకందే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో నాన్న యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో పెళ్లి ఎక్కించే కాగితం) రాయించడానికి వెళ్తే, ఎదురుగా కూర్చున్న క్లర్కుకు అమ్మ అంటే తల్లి అని మాత్రమే తెలుసు. “బీవీ కా నామ్ బతావ్, మా కా నహీ” అన్నాడట. నాన్న నచ్చజెప్పబోతే, సరేలే అని తనకు నచ్చిన పేరు పెట్టేశాడు. ఈ కథ నాన్న ప్రతి పండక్కీ చెప్పి నవ్వించేవారు. 35 ఏళ్లు నవ్వారు, ఒక్కసారీ సరిచేయించలేదు.

పుట్టిన తేదీ కూడా అంతే. అమ్మ పుట్టింది కాముని పున్నమి పోయిన బుధవారం అని మా అమ్మమ్మ చెప్పేది. ఏ సంవత్సరమో ఆమెకు అక్కర్లేదు. ఆర్మీ కాగితాల్లో ఒక సంవత్సరం పడింది, ఆధార్‌లో జనవరి 1 వేసి ఇంకో సంవత్సరం పడింది. మన ఆడవాళ్లలో సగం మంది పుట్టినరోజు జనవరి 1, మిగతా సగానిది జూలై 1. ఇళ్లల్లో నవ్వుకోవడానికి బాగుంటుంది. భర్త పోయాక ఆ నవ్వు ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

ఎందుకంటే ఇప్పుడు సైనికుల పెన్షన్ అంతా రక్షణ శాఖ ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లోనే. మునుపు బ్యాంకు చూసుకునేది, పాస్‌బుక్ పట్టుకెళ్తే తెలిసిన మేనేజర్ ఉండేవాడు. ఇప్పుడు బ్యాంకు డబ్బు పడే చోటు మాత్రమే, లెక్క తేల్చేది అలహాబాద్‌లో ఉన్న రక్షణ శాఖ పెన్షన్ లెక్కల ఆఫీసు, పీసీడీఏ పెన్షన్స్. ఊరి పేరు ప్రయాగ్‌రాజ్ అయినా కాగితాల్లో ఇంకా చాలాచోట్ల అలహాబాదే. అక్కడివాళ్లకు లక్ష్మమ్మ, లక్ష్మీ దేవి ఒకరే అని ఎలా తెలుస్తుంది? వాళ్ల తప్పు నాకేం కనిపించలేదు. వేరే ఎవరో వచ్చి మా అమ్మ పెన్షన్ తీసుకుంటే ఊరుకుంటామా? నాన్న బతికుండగా ఆయన సంతకంతో, రెండు జిరాక్సులతో మొదలుపెట్టాల్సిన పని. అది నోటరీ అఫిడవిట్లు, ఇద్దరూ ఒకరే అని చెప్పే సర్టిఫికెట్, రికార్డ్ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులు, మళ్లీ మళ్లీ అప్‌లోడ్‌లు అయింది. ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో అమ్మ గాజులు కుదువకు వెళ్లాయి. మొన్న దసరాకు విడిపించాం.

ఇంకో పొరపాటు మేం చేశాం, మీ పిల్లలు చేయకుండా చెప్తున్నాను. నాన్న పోయిన తర్వాత నెల కూడా ఆయన అకౌంట్‌లో పెన్షన్ పడింది. తమ్ముడు నాన్న ఏటీఎం కార్డుతో తీసి దినాల ఖర్చుకు వాడాడు. చనిపోయిన మనిషికి పడిన పెన్షన్ వెనక్కి కట్టాల్సిందే. కట్టాం. మరణం సంగతి ముందు స్పర్శ్‌లో తెలియజేయాలని, ఆ తర్వాతే మిగతా పనులని మాకెవరికీ తెలియదు. అకౌంట్ కూడా నాన్న ఒక్కరి పేరు మీదే ఉంది. అమ్మతో జాయింట్‌గా, ‘ఎవరైనా లేదా బతికున్నవారు’ అనే పద్ధతిలో ఉంటే ఫ్యామిలీ పెన్షన్ అదే అకౌంట్‌కు వచ్చేదట. ఈ ‘అట’ అనే మాట ఆ ఏడు నెలల్లో మా ఇంట్లో ఎన్నిసార్లు వినపడిందో లెక్క లేదు.

ఇప్పుడు ఆసుపత్రి సంగతి. నాన్నకు గుండెనొప్పి వచ్చింది రాత్రి రెండింటికి. ఇంటికి దగ్గర్లో బోర్డు వెలుగుతున్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. అది మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ జాబితాలో ఉందా లేదా అని ఆలోచించే టైమా అది? కౌంటర్‌లో అడిగినంత కట్టాం. నాలుగు రోజులు ఐసీయూ. ఈసీహెచ్‌ఎస్ కార్డు అమ్మ పర్సులోనే ఉంది, కానీ అది పాలీక్లినిక్‌లో బీపీ మాత్రలు తెచ్చుకునే కార్డు అనే ఆమె అనుకుంది. 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈ పథకంలో జాబితాలోని ఆసుపత్రికి ప్రాణాపాయంలో నేరుగా వెళ్లినా చేర్చుకోవాలి, డబ్బు అడగకూడదు. ఈసీహెచ్‌ఎస్‌కు తెలియజేసే బాధ్యత ఆసుపత్రిదే. జాబితాలో లేని చోట చేరాల్సి వస్తే 48 గంటల్లోపు మనమే పాలీక్లినిక్‌కు చెప్పాలి, అప్పుడు బిల్లు మొత్తం కాకపోయినా ప్రభుత్వ రేట్ల లెక్కన వెనక్కి అడగొచ్చు.

ఇదంతా నాకు ఎప్పుడు తెలిసింది? నాన్న పోయిన ఏడో రోజు. పరామర్శకు వచ్చిన ఒక అంకుల్ కుర్చీలో కూర్చుని, చాయ్ తాగుతూ, “అరె, 48 గంటల్లో ఇన్ఫార్మ్ చేయాల్సింది కదమ్మా” అన్నారు. ఆయన ఇల్లు మా ఇంటికి మూడో గల్లీ. చాలా మంచివారు. ఆయన్ని తప్పుపట్టడం లేదు. ఆయనకు తెలిసిన ఆ ఒక్క ముక్క మూడు గల్లీలు దాటి మా అమ్మ దాకా రావడానికి నాన్న చావు కావాల్సి వచ్చింది, అంతే.

ఈ లేఖ ఆఫీసులకు కాకుండా మీకు రాయడానికి కారణం అదే. ఆఫీసుల మీద చెప్పడానికి లేకేం కాదు, అది ఇంకెప్పుడైనా. మా నాన్న చదివింది పదో తరగతి. కానీ ఓఆర్‌ఓపీ గురించి అడిగితే 2015 నవంబర్ ఆర్డరు, 2014 జూలై నుంచి లెక్క, ఐదేళ్లకోసారి సవరింపు, 2019లో ఎంత, తర్వాతిది 2024లో, హవల్దార్‌కు ఏ కాలమ్‌లో చూడాలి, అన్నీ గడగడా చెప్పేవారు. మీరందరూ అంతే. ఆదివారం మీటింగుల్లో మీ వాదనలు కిటికీలోంచి విని పెరిగాను నేను. పెన్షన్ ఎంత పెరుగుతుందో తెలిసిన మీకు, మీ తర్వాత ఇంట్లో ఎంత మిగులుతుందో అడిగితే ఎంతమంది చెప్పగలరు?

నాకు తెలిసినంత చెప్తాను. మామూలుగా జబ్బు చేసి పోయిన పెన్షనర్ భార్యకు ఎక్కువ రేటు ఫ్యామిలీ పెన్షన్, అంటే చివరి జీతంలో సగం లెక్క, ఏడేళ్లే వస్తుంది. లేదా ఆయన బతికుంటే 67 నిండే రోజు దాకా. ఈ రెండిట్లో ఏది ముందొస్తే అక్కడితో సరి. తర్వాత 30 శాతం. మా నాన్న 60 దాటగానే పోయారు కాబట్టి అమ్మకు 2030 దాకా ఎక్కువ రేటు ఉంటుంది, ఆ తర్వాత తగ్గుతుంది. మీలో 67 దాటినవాళ్లే ఎక్కువ. మీ ఆంటీలకు మొదటి నెల నుంచే 30 శాతం. ఇంటికి వంద వస్తున్న చోట అరవై వస్తుందన్నమాట. మరీ తక్కువైతే 9,000 బేసిక్ కంటే కిందికి పోదు, పైన కరువు భృతి (డీఆర్) ఉంటుంది. డ్యూటీలో, యుద్ధంలో పోయినవారి కుటుంబాలకు లెక్కలు వేరు, స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ అయితే 60 శాతం, లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ అయితే చివరి జీతం మొత్తం. కానీ యాప్రాల్‌లో షుగరుతో, గుండెతో పోయేవాళ్లకు వర్తించేది పైన చెప్పినదే. ఇంటి లోను, కొడుకు కిచ్చిన చేబదులు, అన్నీ ఆ వందను చూసుకుని పెట్టుకున్నవి. అరవై గురించి ఆంటీకి ఇప్పుడే చెప్తే ఆమె ఏదో ఒకటి సర్దుకుంటుంది. ఆమె మీకంటే బాగా సర్దుతుంది, ఆ సంగతి మీకూ తెలుసు.

2020 జూన్ 15న గల్వాన్‌లో కల్నల్ సంతోష్ బాబు చనిపోయినప్పుడు ముఖ్యమంత్రి సూర్యాపేటకు ఇంటికే వెళ్లారు. 5 కోట్లు, ఇంటి స్థలం, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చారు. ఇవ్వాల్సిందే. ఆ రోజు మా అమ్మ టీవీ ముందు కూర్చుని ఏడ్చింది. ఎదురేగి ఇవ్వడం అంటే ఎలా ఉంటుందో అక్కడ చూశాం. మామూలు హవల్దార్ మంచంలో పోతే ఎవరూ ఎదురు రారు. వెళ్లి అడగాలి, అడగడానికి తెలిసుండాలి. యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న తల్లిని వీర నారి అంటారు, జనవరి 26న పిలిచి శాలువా కప్పుతారు. మా అమ్మలాంటి వాళ్లకు ఏ పేరూ లేదు, శాలువా కూడా అక్కర్లేదు. పీపీఓలో సొంత పేరు ఉంటే చాలు.

తెలియక పోగొట్టుకున్నవి ఇంకా ఉన్నాయి. తమ్ముడు 2019లో బీటెక్‌లో చేరాడు. ఇంటర్‌లో మంచి మార్కులే. ఆ సంవత్సరమే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌ను మగపిల్లలకు నెలకు 2,500, ఆడపిల్లలకు 3,000 చేశారు. ఆఫీసర్ ర్యాంకు కిందివాళ్ల పిల్లలకు, 60 శాతం మార్కులు దాటితే, దేశం మొత్తం మీద ఏటా 5,500 మందికి ఇస్తారు. కానీ ఫస్ట్ ఇయర్‌లో ఉన్నప్పుడే పెట్టుకోవాలి. మాకు తెలిసేసరికి వాడు సెకండ్ ఇయర్. వచ్చేదో రాదో, అది తర్వాతి మాట. వచ్చుంటే నాలుగేళ్లకు 1,20,000. నాన్న ఆ డబ్బు కోసం గేటు దగ్గర ఎన్ని నైట్ డ్యూటీలు చేశారో ఆ రిజిస్టర్ చూస్తే తెలుస్తుంది. కౌన్సెలింగ్‌లో సైనికుల పిల్లలకు క్యాప్ కోటా ఉంటుందన్న సంగతి మాత్రం తెలుసు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి సర్టిఫికెట్ కూడా తెచ్చారు. అదే ఆఫీసు గోడ మీద స్కాలర్‌షిప్ కాగితం అంటించి ఉందేమో, ఎవరు చూశారు!

ఒక్కటి మాత్రం పెట్టె పుణ్యమా అని దొరికింది. ఏజీఐ (ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్) వాళ్ల కాగితం. సర్వీసులో కట్టిన గ్రూప్ ఇన్సూరెన్స్ రిటైరయ్యాక కూడా కొన్నేళ్ల పాటు ఎక్స్‌టెండెడ్ ఇన్సూరెన్స్‌గా ఉంటుంది. స్వెట్టర్ మడతలో ఉంది ఆ సర్టిఫికెట్. నేను ఆ స్వెట్టర్ దులపకుండా ఎవరికైనా ఇచ్చేసి ఉంటే అదీ పోయేది. మీ సర్టిఫికెట్ ఏ మడతలో ఉంది అంకుల్?

మీలో ఎవరి ఇంట్లోనైనా సొంతంగా సంపాదించుకోలేని, వైకల్యం ఉన్న బిడ్డ ఉంటే, తల్లిదండ్రులిద్దరి తర్వాత ఆ బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలుంది. మీరుండగానే వైకల్యం సర్టిఫికెట్ తీసుకుని ఆ పేరు పెన్షన్ కాగితాల్లోకి ఎక్కించండి. మీరు, ఆంటీ ఇద్దరూ లేని రోజున ఆ బిడ్డ ఏ కౌంటర్ ముందు నిలబడి ఏమని చెప్పుకుంటాడు? దీనికి మాత్రం నేను ఈ లేఖ చివర్లో అడగబోయే మీటింగు దాకా కూడా ఆగకండి.

మా పక్క వీధి అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ తాత ఒకాయన ఉన్నాడు. 1971లో సిపాయిగా చేరి, ఏడేళ్లకు ఇంటి ఇబ్బందుల వల్ల వచ్చేశాడు. పెన్షన్ లేదు. “నేనేం మిల్ట్రీ వాణ్ణి బిడ్డా, మీ నాయన లెక్క పింఛను తీసుకునేటోళ్లు మిల్ట్రీ వాళ్లు” అంటాడు. డిశ్చార్జ్ బుక్ 2020 అక్టోబర్ వరదలకు తడిసి ముద్దయింది. మనవడి ఫోన్ నంబర్ అడిగితే తడుముకుంటాడు. ఆర్మీ నంబర్ అడిగాను. కుర్చీలోంచి లేచి, చేతులు పక్కకు పెట్టుకుని, ఒక్క గుక్కలో చెప్పేశాడు. యాభై ఏళ్లు దాటిన నంబర్!

పెన్షన్ లేని, 65 దాటిన, హవల్దార్, అంతకంటే కింది ర్యాంకు మాజీ సైనికులకు, వాళ్ల భార్యలు ఒంటరైతే వాళ్లకు కేంద్రీయ సైనిక్ బోర్డు పెన్యురీ గ్రాంటు (పేదరికంలో ఉన్నవాళ్లకు సాయం) ఇస్తుంది. నెలకు 4,000 ఉండేది, 2025 నవంబర్ నుంచి 8,000 చేశారు. అప్పుడే పిల్లల చదువు సాయం ఒక్కొక్కరికి నెలకు 1,000 నుంచి 2,000 అయింది, కూతురి పెళ్లి సాయం 50,000 నుంచి లక్ష అయింది. చదువుకైనా పెళ్లికైనా ఇద్దరి దాకా. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానే పోతుంది. ఈ డబ్బు ఎక్కడిదనుకున్నారు? డిసెంబర్ 7న బడిలో మా చొక్కాలకు చిన్న కాగితం జెండా గుచ్చి చిల్లర తీసుకునేవారే, ఆ ఫ్లాగ్ డే నిధిది. నేను రెండో తరగతిలో ఇచ్చిన రూపాయి కూడా అందులో ఉంది, అది తాతకు చేరాలని నాకు గట్టిగా ఉంది. ఆ నంబర్‌తో రికార్డ్ ఆఫీసుకు రాసి డూప్లికేట్ కాగితం తెప్పించడం నాకంటే మీకు బాగా వచ్చు. ఎవరైనా ఒకరు తాతను ఆ ఆఫీసుకు తీసుకెళ్లండి. స్కూటర్ మీద ఎక్కించుకుంటే చాలు, భయం లేదు, తాత బరువు తక్కువే.

(అగ్నివీర్లుగా నాలుగేళ్లు చేసి వచ్చే పిల్లలకు పెన్షన్ లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, క్యాంటీన్ కూడా లేదు. వాళ్లు రేపు మన కాలనీలకే వస్తారు. వాళ్లను మీ సంఘంలో ఏమని చేర్చుకుంటారో కూడా ఒకరోజు కూర్చుని మాట్లాడుకోండి.)

ఇంట్లో చెప్పరెందుకని మా నాన్ననే ఒకసారి అడిగాను. సంక్రాంతి ముందు రోజు అనుకుంటా, ఆయన పెట్టెలో ఏదో వెతుకుతుంటే. “అమ్మకు కూడా చూపించొచ్చు కదా నాన్నా” అన్నాను. ఆయన నోరు తెరిచేలోపు వంటింట్లోంచి అమ్మే అరిచింది. “పండుగ పూట అవేం మాటలు? మూసెయ్ ఆ పెట్టె” అని. ఇద్దరికీ భయమే. భర్త తన చావు గురించి మాట్లాడితే అపశకునం, భార్య అడిగితే ఇంకా పెద్ద అపశకునం. కానీ అంకుల్, మీరు 20 ఏళ్లకే నామినేషన్ ఫారం నింపిన మనుషులు. మీసాలు సరిగ్గా రాకముందే, నేను పోతే డబ్బు ఎవరికివ్వాలి అన్న గడిలో అమ్మ పేరో నాన్న పేరో రాసి సంతకం పెట్టి, భోజనానికి వెళ్లినవాళ్లు. సియాచిన్‌లో లేని భయం యాప్రాల్‌లో ఎక్కడిది?

ఆడవాళ్లకు ఇవన్నీ అర్థం కావమ్మా అంటారు కొందరు. క్యాంటీన్ సంగతి అడిగి చూడండి. ఏ సరుకు నెలకు ఎన్ని ఇస్తారు, స్టాకు ఏ రోజు దిగుతుంది, ఎన్నింటికి వెళ్తే లైను తక్కువ, ఏ కార్డు ఏ కౌంటర్లో గీయాలి, మా అమ్మ నిద్రలో లేపినా చెప్తుంది. ఎవరూ క్లాసు తీసుకోలేదు. కార్డు ఆమె చేతిలో ఉంది కాబట్టి వచ్చింది.

అందుకే నేను అడిగేది ఇదీ. అక్టోబర్‌లో ఒక ఆదివారం. నవంబర్‌లో, బతికున్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ల హడావిడి మొదలవకముందే. జనవరి 14న వెటరన్స్ డేకి పెడదామనుకోకండి, 1953లో ఫీల్డ్ మార్షల్ కరియప్ప రిటైరైన రోజు అని గౌరవంగా జరుపుకుంటారు గానీ, మనకు ఆ రోజు భోగో సంక్రాంతో. సగం కాలనీ ఊళ్లకు పోయుంటుంది, మిగతా సగం సకినాలు చేస్తుంటుంది. అక్టోబర్ ఆదివారం ఒక హాలు చూడండి. ప్రతి అంకుల్ ఆంటీతో రావాలి, కాగితాలతో రావాలి. ఆ రోజు ఓఆర్‌ఓపీ మాట వద్దు, దండలు వద్దు, ముఖ్య అతిథి వద్దు. కాగితాలు ఆంటీ చేతిలో ఉండాలి, అంకుల్ పక్కన కూర్చోవాలి.

పీపీఓలో ఉన్న ఆమె పేరు, ఆధార్‌లోని పేరు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవాలి. మన ఇంటిపేర్లు ముందుంటాయి, ఆర్మీలో వెనక్కి పోయాయి. కొన్ని చోట్ల ఇంటిపేరే పేరైపోయింది. తేడా ఉంటే అదే రోజు దరఖాస్తు తయారవ్వాలి. మేం పిల్లలం ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్ తెస్తాం. స్పర్శ్‌లో ఉన్న ఫోన్ నంబర్ ఎవరిదో చూడాలి. అంకుల్ సిమ్ మూలపడితే ఓటీపీ ఎక్కడికి పోతుంది? అకౌంట్ జాయింటేనా, ఈసీహెచ్‌ఎస్ జాబితాలో మన ఇంటికి దగ్గరి ఆసుపత్రి ఏది, ఇవి తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఒక్క కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించేలా ఇవ్వాలి. పాలీక్లినిక్ నంబర్ కూడా దాని మీదే. వచ్చే మెసేజ్‌లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. మా అమ్మ తెలుగే కూడబలుక్కుని చదువుతుంది.

జీవన్ ప్రమాణ్, అంటే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్ కూడా ఆ రోజే ఆంటీల చేత వాళ్ల ఫోన్లలోనే చేయించి చూద్దాం, అలవాటు కోసం. మా అమ్మకు మొదటిసారి మీసేవలో వేలిముద్ర పడలేదు. నాన్న సరిహద్దులో ఉన్న రోజుల్లో కామారెడ్డి దగ్గర ఊళ్లో ఉండి బీడీలు చుట్టింది, ఆ వేళ్లు అరిగిపోయాయి. పది వేళ్లూ పెట్టింది, మెషీన్ ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు. “నేను బతికున్నట్టు దీనికి ఎట్ల చెప్పాలె” అంది. ఇంటికొచ్చి ఫోన్లో ముఖం చూపించి చేశాం, రెండు నిమిషాల్లో అయిపోయింది. అందులో ఒక చోట మాత్రం జాగ్రత్త. పెన్షన్ ఇచ్చేవారు ఎవరని అడిగిన చోట అలవాటు కొద్దీ బ్యాంకు పేరు నొక్కుతారు. స్పర్శ్‌లో ఉన్నవాళ్లు అక్కడ ‘స్పర్శ్ పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్’ నొక్కాలి, మంజూరు చేసినవారి దగ్గర ‘డిఫెన్స్ పీసీడీఏ పీ అలహాబాద్’. అక్కడ తప్పు నొక్కితే సర్టిఫికెట్ తయారవుతుంది గానీ, చేరాల్సిన చోటికి చేరదు. పెన్షన్ ఆగాక గానీ తెలియదు.

ఒంటరిగా ఉన్న ఆంటీలను కూడా పిలవండి, వెనక కుర్చీల్లో కాదు. శుభమా అని మీటింగు పెట్టుకుంటే ముందు వాళ్లెందుకని ఎవరైనా గొణిగితే మా అమ్మను చూపించండి. ఆ ఏడు నెలల్లో ఆమె నేర్చుకున్నది మీ ట్రెజరర్‌కు కూడా తెలియదు, నిజంగానే. ఏ అఫిడవిట్ ఎన్ని రూపాయల స్టాంపు పేపర్ మీద చేయించాలో, రికార్డ్ ఆఫీసుకు రాసేటప్పుడు కవర్ మీద నాన్న నంబర్ ఎక్కడ వేయాలో చెప్తుంది. మొన్న ఎదురింటి ఆంటీకి చెప్తుంటే విన్నాను. “నీ పేరు చూసుకున్నవా పీపీఓల? ఫస్ట్ పోయి అది చూసుకో” అంటోంది.

హాలు ఖర్చు పిల్లలందరం పంచుకుంటాం. చాయ్ మా ఇంటి నుంచి, ఈసారి ఫ్లాస్కులు మేం పంపుతాం. తేదీ మీరు చెప్పండి. అమ్మ పెట్టె తెస్తానంటోంది, తెరిచి అందరికీ చూపించడానికి. యాప్రాల్ నుంచి ఆటోలో తెస్తాం గానీ, హాలు మెట్లెక్కించడానికి ఇద్దరు కావాలి. బరువుంది.

ఇట్లు
హవల్దార్ కూతురు,
యాప్రాల్